సీసా మీద ఏం రాయాలో మీరే తేల్చండి: సుగంధ తైలాల గురించి అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఔషధ మొక్కల బోర్డుల అధికారులకు, ఔషధ నియంత్రణ శాఖల వారికి,

నమస్కారం.

మా ఇంట్లో రెండు వ్యాపకాలు. టౌన్లో ఒక మందుల షాపు, ఊరి బయట మెట్టపొలంలో నిమ్మగడ్డి, దాని పక్కనే చిన్న డిస్టిలేషన్ యూనిట్. షాపులో నేను కూర్చుంటాను, పొలం మా తమ్ముడు చూసుకుంటాడు. అందువల్ల సుగంధ తైలం తీసి అమ్మే బాధ, ఆ తైలం తప్పుగా వాడి కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లకు సమాధానం చెప్పే బాధ, రెండూ మాకే ఉన్నాయి. ఈ రెంటి మధ్య మీరు చేయగలిగిన పని ఒకటి మిగిలిపోయిందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ నూనెలు ఉత్తుత్తివని చెప్పడానికి నేను రాయడం లేదు. మన గడ్డిలో, ఆకులో, వేరులో ఉన్న వాసన నూనెలకు మందు గుణం ఉంది. ఉంది కాబట్టే మందుకు పెట్టినన్ని షరతులూ వాటికీ పెట్టమంటున్నాను. ఇప్పుడు జరుగుతున్నది మరోలా ఉంది. అమ్మేటప్పుడు అది మందు. తనిఖీకి వచ్చేసరికి అది గదిలో చల్లుకునే సెంటు.

మా పొలం సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. నిమ్మగడ్డిని నేలకు అరజానెడు పైన కోస్తాం. కోసినదాన్ని నీడలో కొన్ని గంటలు వాడనిచ్చి ట్యాంకులో నింపుతాం. నింపడమంటే పడేయడం కాదు, మనిషి లోపలికి దిగి వరసగా తొక్కాలి. వదులుగా ఉంటే ఆవిరి ఏదో ఒక సందు చూసుకుని పైకి పోతుంది, గడ్డిలో నూనె గడ్డిలోనే ఉండిపోతుంది. అడుగున నీళ్లు, దాని కింద మంట. ముందు కోతలో నూనె తీసేసిన ఎండుగడ్డే చాలావరకు పొయ్యిలోకి పోతుంది. ఆవిరి పైగొట్టం గుండా చన్నీళ్ల తొట్టిలో ఉన్న కాయిల్‌లోకి వెళ్లి, చల్లబడి, రిసీవర్‌లో పడుతుంది. నీళ్ల మీద లేత పసుపు రంగులో నూనె తేలుతుంది. రెండు మూడు గంటల పని. టన్ను పచ్చిగడ్డికి ఐదారు కిలోలు వచ్చిందంటే మంచి కోత కింద లెక్క.

గడ్డి వానకు తడిసి కుప్పలో వేడెక్కినా, ట్యాంకు లోపల తుప్పు ఉన్నా, తీసిన నూనెను సగం ఖాళీ డబ్బాలో ఎండ తగిలేచోట ఉంచినా అది మారిపోతుంది. రంగు ముదురుతుంది, చిక్కబడుతుంది, వాసన మొద్దుబారుతుంది. ఒకే పొలంలో, ఒకే రకం గడ్డికే రెండు కోతల నూనె ఒకేలా ఉండదు. అలాంటప్పుడు సీసా మీద ‘నిమ్మగడ్డి నూనె, 100 శాతం ప్యూర్’ అని రాస్తే కొనేవాడికి ఏం తెలిసినట్టు?

నిమ్మగడ్డి నూనెలో ముఖ్యమైన పదార్థం సిట్రాల్. మంచి నూనెలో నూటికి 70 నుంచి 80 పాళ్లు అదే ఉంటుంది, మంచి రకాల్లో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ శాతాన్ని పెంచడం కోసమే లక్నోలో ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీమ్యాప్ వాళ్లు కృష్ణ, ప్రగతి, కావేరి లాంటి రకాలు తెచ్చారు. కేరళలో ఓడక్కాలి పరిశోధన కేంద్రం 1951 నుంచి ఈ గడ్డి మీద పని చేస్తోంది. 2017లో కేంద్రం సుగంధ పంటల కోసం ‘అరోమా మిషన్’ మొదలుపెట్టాక మన మెట్ట ప్రాంతాలకూ నారు వచ్చింది. పశువులు ముట్టవు, అడవిపందులు పెద్దగా పాడు చేయవు, ఒకసారి నాటితే నాలుగైదేళ్లు కోసుకోవచ్చు. రైతుగా ఆ మిషన్ పట్ల నాకు కృతజ్ఞత ఉంది. నారు దగ్గర నుంచి ట్యాంకు దాకా నేర్పించారు. ట్యాంకు తర్వాత ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

నూనె కొనడానికి వచ్చే వ్యాపారి ఏం చేస్తాడో తెలుసా? కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి ఆరనిస్తాడు. మరక మిగలకపోతే మంచిదంటాడు. ఆ పరీక్ష పూర్తిగా తప్పని అనను. సుగంధ తైలం ఆవిరైపోయే రకం, నువ్వుల నూనెలా కాగితాన్ని పట్టుకుని ఉండదు. ఆముదమో, కొబ్బరి నూనో కలిపితే మరక పడుతుంది కాబట్టి దొంగ దొరుకుతాడు. కానీ టర్పెంటైన్ కలిపితే? అదీ ఆవిరైపోతుంది. ఫ్యాక్టరీలో తయారైన సిట్రాల్ కలిపితే? కాగితం ఏం ఖర్మ, సిట్రాల్ శాతం ఒక్కటే చూసే లాబ్ కూడా మోసపోతుంది. నూనెలోని పదార్థాలను విడివిడిగా కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో పెట్టి, ముఖ్యమైన పదార్థంతో పాటు మిగతా చిన్నాచితకా పదార్థాల వరస మొత్తం చూస్తే తప్ప నిజం బయటపడదు.

ఆ యంత్రం మాకు అందుబాటులో లేదు. వ్యాపారికి ఉంది. డబ్బాలు లారీ ఎక్కిన వారానికి ఫోన్ చేసి, ‘టెస్ట్ చేయించాం, సిట్రాల్ తక్కువొచ్చింది, కిలోకి ఇంత తగ్గించుకోండి’ అంటాడు. రిపోర్టు పంపమంటే పంపడు. ఆయన చెప్పింది నిజమో కాదో తేల్చుకునే దారి మాకు లేదు. ఇది రైతు సమస్య, షాపుతో దీనికేం పని అనుకోకండి. రైతు దగ్గర కొలవని నూనె సీసాలోకి దిగాక కూడా ఎవరూ కొలవరు. ఆ సీసానే నా కౌంటర్ ముందుకు వస్తుంది.

ఇక మందు సంగతికి వస్తాను.

తెలుగువాళ్లకు వాసన నూనెలతో వైద్యం కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పి తైలం మీద వచ్చిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిచింది. 1920లో హైదరాబాద్‌లో పుట్టిన జిందా తిలిస్మాత్‌లో ముఖ్యంగా ఉన్నది నీలగిరి తైలమే. ఇంకా వెనక్కి వెళ్తే ప్రతి ఊళ్లోనూ అమృతధార ఉండేది. వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, ముద్దకర్పూరం, మూడూ గట్టి పదార్థాలే. మూడింటినీ సీసాలో వేసి మూత బిగించి ఊపితే ఒక్క నీటిబొట్టు కలపకుండానే కరిగి ద్రవమైపోతాయి. చిన్నప్పుడు ఎవరైనా ఇది చూపిస్తే మాయ అనుకునేవాళ్లం. ఆ మూడూ కలిస్తే కరిగే వేడి గది వేడి కంటే కిందికి పడిపోతుంది, అంతే.

వాము పువ్వంటే థైమాల్. వాము నూనెలో దాదాపు సగం వరకు ఉండేది ఇదే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన వాము గింజలు ఓడలెక్కి జర్మనీ వెళ్లి అక్కడ థైమాల్‌గా మారేవి. అప్పట్లో కొంకిపురుగులకు డాక్టర్లు ఇచ్చిన మందు అదే. ఇప్పుడు పురుగులకు అంతకంటే మంచివి, ప్రమాదం తక్కువున్నవి వచ్చాయి కాబట్టి ఆ వాడకం పోయింది. నోరు పుక్కిలించే మందుల్లో థైమాల్ ఇంకా ఉంది. మెంథాల్ (అదే పిప్పరమెంటు పువ్వు), నీలగిరి లాంటి వాటితో కలిపి వాడితే పళ్ల గార, చిగుళ్ల వాపు తగ్గుతాయని మనుషుల మీద జరిగిన పరీక్షలు చాలానే చెబుతున్నాయి. కర్నూలు మార్కెట్‌కు బస్తాలకు బస్తాలు వాము వస్తుంది. గింజ కింద అమ్ముకుంటున్నాం. అందులోని నూనె విలువ గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ.

నిమ్మగడ్డి విషయానికొస్తే, సిట్రాల్ బూజునీ, కొన్ని రకాల బ్యాక్టీరియానీ ఆపుతుందని ప్రయోగశాలల్లో చాలాసార్లు తేలింది. చుండ్రు మీద థాయ్‌లాండ్‌లో కొద్దిమందితో ఒక చిన్న పరీక్ష జరిగింది, తగ్గిందన్నారు. ఇంతవరకు నేను ధైర్యంగా చెప్తాను. దీన్ని పట్టుకుని ‘నిమ్మగడ్డి నూనె కేన్సర్ కణాలను చంపుతుంది’ అని వీడియో పెట్టేవాళ్లున్నారు. గాజు పళ్లెంలో పెట్టిన కణాన్ని చంపడం పెద్ద విషయం కాదు, బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. నోట్లోంచి వెళ్లి, కాలేయం దాటి, ఒంట్లో కావలసినచోటికి కావలసినంత చేరి, పక్కనున్నవాటిని పాడు చేయకుండా పని చేస్తేనే దాన్ని మందు అంటాం.

వాసన నూనెల్లో ఆ దారి మొత్తం దాటినవి లేకపోలేదు. పేగుల ఇరిటేషన్‌తో కడుపు పట్టేసేవాళ్లకు పిప్పరమెంటు నూనె క్యాప్సూల్స్ డాక్టర్లే రాస్తారు. చూడండి, అందులో ఉండేది 0.2 మిల్లీలీటరు. కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లాక కరిగేలా పైన పొర ఉంటుంది. కొలత ఉంది, పొర ఉంది, ఎవరికి పనికొస్తుందో రాసి ఉంది. సీసా ఎత్తి గ్లాసులో నాలుగు చుక్కలు పోసుకోవడానికీ దీనికీ ఏమన్నా పోలిక ఉందా?

మెంథాల్ గురించి ఒక చిన్న మాట చెప్పి ముందుకెళ్తాను. జలుబుకు ఆవిరి పడితే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. కొలిచి చూస్తే గాలి వెళ్లే దారి పెద్దగా మారదు, చల్లదనాన్ని గుర్తుపట్టే నరాలను మెంథాల్ తట్టిలేపడం వల్ల అలా అనిపిస్తుంది. అయినా రాత్రి నిద్ర పడుతుంది కదా. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. ‘ఊపిరితిత్తుల్లో కఫం కరిగిస్తుంది’ అని డబ్బా మీద రాయడం దగ్గరే నా పేచీ.

అబద్ధాల్లో రెండు మన నేలకు సంబంధించినవి ఉన్నాయి. వాటి గురించి మీరు తప్పకుండా ఆలోచించాలి.

ఒకటి పసుపు. దుగ్గిరాలలో, నిజామాబాద్‌లో పండించేది మనమే. జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో నిజామాబాద్‌కే వచ్చింది. పసుపు కొమ్మును, పసుపు ఆకును ఆవిరి పట్టి తీసిన నూనె మార్కెట్‌లో ఉంది. ఆ సీసాల మీద ‘కర్క్యుమిన్ శక్తి’ అని పెద్దక్షరాలతో రాస్తున్నారు. కర్క్యుమిన్ ఆవిరితో పైకి రాదు. పసుపుకు రంగునిచ్చే బరువైన పదార్థం అది, పిప్పిలోనే ఉండిపోతుంది. ఆవిరితో వచ్చేవి టర్మెరోన్లు, మరికొన్ని తేలిక పదార్థాలు. వాటికీ సొంత గుణాలున్నాయి, వాటి మీద పరిశోధన జరగాల్సిందే. కానీ కర్క్యుమిన్ మీద జరిగిన పరీక్షల్ని చూపించి, కర్క్యుమిన్ లేని నూనె అమ్మడం పచ్చి మోసం.

రెండోది సాంబ్రాణి. నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లో అందుగు చెట్టు ఉంది. శేషాచలం కొండల్లో దాని చుట్టం ఇంకోటి, తూర్పు కనుమల్లో తప్ప మరెక్కడా లేనిది, కొండ సాంబ్రాణి చెట్టు ఉంది. అందుగు బంకలో బోస్వెల్లిక్ ఆమ్లాలు ఉంటాయి. మోకాళ్ల నొప్పులకు కాస్త పనికొస్తుందని పరీక్షలు జరిగింది ఆ ఆమ్లాలున్న సారం మీద. బంకను ఆవిరి పడితే వచ్చే నూనెలో ఆ ఆమ్లాలు ఉండవనే చెప్పాలి, అవీ కర్క్యుమిన్ లాగే బరువైనవి. నూనెలో ఎక్కువగా పైనీన్, థూజీన్ లాంటివే. మంచి వాసన, పూజగదిలో బాగుంటుంది. కీళ్లనొప్పుల మందని చెప్పి ఆ చిన్న సీసాకు వందలు వసూలు చేస్తున్నారు. దీనివల్ల అడవికీ దెబ్బే. గిరాకీ పెరిగితే చెట్టుకు గాట్లు ఎక్కువ పడతాయి. ఒకసారి గీసిన చెట్టు మానడానికి టైం ఇవ్వకుండా మళ్లీ గీస్తే అది చస్తుంది. నన్నారి వేళ్లదీ ఇదే కథ. షర్బత్‌లోకైనా నూనెలోకైనా వేరు కోసం తవ్వితే తీగే పోతుంది. అబద్ధపు గిరాకీ కోసం అడవిని ఖాళీ చేయొద్దు.

తులసి గురించి రాయాలంటే కొంచెం భయం, ఎందుకంటే దాంతో భక్తి ముడిపడి ఉంది. కోట దగ్గర రెండాకులు తుంచి నమిలేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, నిశ్చింతగా నమలండి. తులసి నూనె వేరే లెక్క. కొన్ని తులసి మొక్కల నూనెలో లవంగంలో ఉండే యూజినాల్ ఎక్కువగా ఉంటుంది. కొన్నింటిలో మిథైల్ యూజినాల్ ఎక్కువ. చూడటానికి రెండూ తులసే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం మిథైల్ యూజినాల్‌ను 2023లో ‘కేన్సర్ కలిగించే అవకాశం ఎక్కువ ఉన్నవి’ అనే జాబితాలోకి మార్చింది. రెండాకుల్లో ఉండేది అతి స్వల్పం. కిలోలకొద్దీ ఆకులోని నూనెను చుక్కల్లోకి తెచ్చి, ‘రోజూ ఉదయం గోరువెచ్చని నీళ్లలో’ అని చెబితే అది స్వల్పం కాదు. తులసి నూనె సీసా మీద ఏ పదార్థం ఎంత శాతం ఉందో రాయించమని అడగడం వెనుక నా కారణం ఇదే. మొక్క పేరు ఒక్కటే చాలదు.

ఇప్పుడు షాపులో రోజూ చూసేది చెప్తాను. పసిపిల్లలకు జలుబు చేస్తే కర్పూరం కొబ్బరి నూనెలో కాచి ఛాతీకి రాస్తారు, గుడ్డలో కట్టి మెడలో వేస్తారు, కొందరు ముక్కు దగ్గర నీలగిరి తైలం అద్దుతారు. పెద్దవాళ్లు చెప్పారని తల్లి చేస్తుంది. ఆ తల్లిని తిట్టి లాభం లేదు. గ్రాము కర్పూరం కడుపులోకి పోయి చిన్నపిల్లలు చనిపోయిన కేసులు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. అమెరికాలో 1980ల నుంచి పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు వద్దంటారు. మన దగ్గర కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇస్తారు. హారతి కర్పూరమో, తినే పచ్చకర్పూరమో కూడా అడగరు.

పెద్దవాళ్ల సంగతీ చూడండి. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నరాల వైద్యులు, మరికొన్ని దక్షిణాది ఆసుపత్రుల వాళ్లతో కలిసి నాలుగేళ్ల పాటు మూర్ఛతో వచ్చిన పెద్దవాళ్లను గమనించారు. 350 మందిలో 55 మందికి మూర్ఛ రావడానికి ముందు ఏదో ఒక వాసన నూనె వాడకం ఉందని 2021లో ప్రచురించారు. ఎక్కువగా నీలగిరి, కర్పూరం ఉన్నవే. బామ్‌లు, ఆవిరి చుక్కలు, నొప్పి నూనెలు. మూర్ఛ రోగిని డాక్టర్లు రాత్రి సరిగా నిద్రపోయారా, మాత్ర మానేశారా అని అడుగుతారు. నుదుటికి ఏం రాసుకున్నారని అడిగేవాళ్లు ఎంతమంది?

గంధపుర తైలం అనే పేరు ఎంత చల్లగా ఉందో! అందులో ఉన్నది మిథైల్ సాలిసిలేట్. ఒక టీస్పూను నూనె కడుపులోకి పోతే సుమారు ఏడు గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం, అంటే ఇరవై మాత్రలకు పైమాటే. చిన్నపిల్లవాడికి ప్రాణం మీదికొస్తుంది. గుండె కవాటం ఆపరేషన్ అయి రక్తం పలచబడే మందు మింగుతున్న పెద్దాయన దీన్ని మోకాళ్లకు రోజూ మర్దన చేసుకుంటే, చర్మం నుంచి లోపలికి వెళ్లి రక్తస్రావం అయ్యే ముప్పు ఉంది. ఈ ముక్క సీసా మీద ఉందా అని నా ర్యాకులో వెతికాను. ఉన్నవాటిలో కూడా భూతద్దం పెడితే తప్ప కనబడదు. అదీ ఇంగ్లీషులో.

చర్మం విషయంలో ఒకటి. సిట్రాల్, జెరానియాల్, యూజినాల్, లినలూల్, ఇవన్నీ కొందరికి దురద, దద్దుర్లు తెప్పించేవే. యూరప్‌లో ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లో ఇవి 0.001 శాతం దాటితే పేరు విడిగా రాయాల్సిందే. మన దగ్గర మచ్చలు పోతాయని అచ్చమైన నిమ్మగడ్డి నూనె మొహానికి పూసుకుని ఎర్రగా కాలినట్టయి వచ్చే ఆడపిల్లలు ఉన్నారు. అయిదు మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో రెండు చుక్కలు, ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడటం, ఇంతే కదా చెప్పాల్సింది. ఇది ముద్రించడానికి సీసా మీద జాగా చాలదంటే నమ్మను. ‘థెరప్యూటిక్ గ్రేడ్’ అని బంగారు రంగులో వేయడానికి జాగా ఉందిగా. ఏ ప్రభుత్వమూ ఇవ్వని గ్రేడు అది. కంపెనీలు వాటికి అవే పెట్టుకున్న బిరుదు.

వేరే దేశం మాట ఒక్కటి చెప్తాను, మన పనికి దారి చూపిస్తుంది కాబట్టి. టీ ట్రీ ఆస్ట్రేలియా తూర్పు తీరంలో పెరిగే చెట్టు. అక్కడి ఆదివాసులు ఎప్పటినుంచో ఆ ఆకు నలిపి పుండ్లకు వాడుతున్నారు. 1920ల్లో సిడ్నీలో పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ నూనె క్రిముల్ని ఎలా చంపుతుందో కొలిచి రాశాడు. 1990లో మొటిమల మీద 124 మందితో పరీక్ష చేసి, 5 శాతం టీ ట్రీ జెల్‌ను మామూలు మొటిమల మందుతో పక్కపక్కన పెట్టి చూశారు. పని చేసింది, కాస్త నెమ్మదిగా, మంట మాత్రం తక్కువ. తర్వాత నూనెకు అంతర్జాతీయ ప్రమాణం రాసుకున్నారు. ఫలానా పదార్థం కనీసం 35 శాతం ఉంటేనే టీ ట్రీ నూనె. ఇవాళ మా షాపులో ఆ పేరున్న ఫేస్‌వాష్ కాలేజీ పిల్లలు పేరు చెప్పి అడుగుతారు. మన పామారోజా గడ్డి కథ ఇంకోలా నడిచింది. గులాబీ వాసన ఉంటుంది దానికి. దాని నూనె ఒకప్పుడు బొంబాయి రేవు నుంచి టర్కీ దేశానికి పోయి, అక్కడ గులాబీ అత్తరులో కల్తీగా కలిసేది. పేరు గులాబీది, పని మన గడ్డిది. నూటికి ఎనభై పాళ్ల వరకు జెరానియాల్ ఉన్న నూనెకు మనం ఇప్పటికీ మందుల వైపు ఒక మంచి పరీక్ష చేయించుకోలేదు.

మీరు చేయాల్సినవి ఇవి. మొదటిది సీసా. మొక్క తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఆకు నుంచా వేరు నుంచా బంక నుంచా, ముఖ్యమైన పదార్థం ఎంత శాతం, ఏ నెలలో తీసింది, ఇవి లేని సీసా షాపుల్లోకి రాకూడదు. దాంతో పాటు ‘తాగకూడదు’, ‘రెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదు’, ‘మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగాలి’ అని తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. పిల్లలు తిప్పలేని మూత ఖర్చు ఎంతని? కర్పూరం, గంధపుర తైలం, నీలగిరి తైలం, ఈ మూడింటికైనా ముందు పెట్టండి. మిగతావి తర్వాత చూద్దాం.

తర్వాత పరీక్ష. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, వాళ్లకు యంత్రాలున్నాయి, తెలిసినవాళ్లున్నారు. అక్కడిదాకా వెళ్లలేని రైతు కోసం దారి కట్టాలి. మా వైపు రైతు సేవా కేంద్రాల్లో మట్టి నమూనా తీసుకుంటారు. అదే చేత్తో నూనె నమూనా కూడా తీసుకుని పంపండి. తెలంగాణలో రైతు వేదికలున్నాయి. రిపోర్టు రైతు ఫోన్‌కే రావాలి, వ్యాపారి ద్వారా కాదు. ఆ కాగితం చేతిలో ఉంటే ధర దగ్గర మేం గట్టిగా మాట్లాడతాం, సీసా మీద శాతం రాయడానికీ అదే ఆధారం అవుతుంది.

ప్రకటనల విషయంలో కొత్త చట్టం అక్కర్లేదు. షుగరు, కేన్సరు, మూర్ఛ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. చట్టం పుస్తకంలో ఉంది, వీడియోలేమో ఫోన్లలో ఉన్నాయి. మీ ఇన్‌స్పెక్టర్లు మా షాపుకొచ్చి షెడ్యూల్ మందుల రిజిస్టరు అడుగుతారు, సంతోషం, చూపిస్తాం. పక్క వీధిలో షెడ్డు వేసుకుని ‘తులసి చుక్కలతో షుగర్ మాయం’ అని బోర్డు పెట్టినవాడి దగ్గరికి కూడా అదే జీపులో వెళ్లండి. నష్టం జరిగినప్పుడు చెప్పడానికి గాజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ వ్యవస్థ ఉంది, కానీ బామ్ రాసుకుంటే వచ్చిన మూర్ఛను దానికి రాయొచ్చని చాలామంది ఫార్మసిస్టులకే తెలియదు. జిల్లాకు ఒక మీటింగ్ పెట్టి చెప్పండి.

ఇక పరిశోధన. మన దగ్గర ఆయుర్వేద కళాశాలలున్నాయి, పక్కనే మెడికల్ కాలేజీలున్నాయి. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి చిన్న పని అప్పగించండి. కేన్సరూ గీన్సరూ వద్దు. చుండ్రుకు నిమ్మగడ్డి, కాళ్ల వేళ్ల మధ్య ఒరుసుకుపోయే వరి రైతుకు పామారోజా, చిగుళ్లకు వాము. ఇలాంటివి మూడు తీసుకుని, కొలిచిన నూనెతో, సరిపడా మందితో, ఎదురుగా మామూలు మందు పెట్టి చూడండి. పని చేయకపోతే అదీ రాయండి. పని చేస్తే పొలాలకు మంచి ధర వస్తుంది, షాపుల్లో నేను మొహమాటం లేకుండా అమ్ముతాను.

మా తర్వాతి కోత ఉగాది ముందే ఉంటుంది. ప్రతి ట్యాంకు నుంచి ఒక సీసా పక్కన పెట్టి, తేదీ రాసి, నల్లకాగితం చుట్టి పంపడానికి సిద్ధం. పరీక్షకు అయ్యే ఫీజు కూడా మేమే కడతాం. చుట్టుపక్కల ఊళ్లలో గడ్డి వేసిన రైతులూ ఇదే మాట అంటున్నారు. నమూనాలు ఎవరికి, ఏ అడ్రసుకు పంపాలో తెలుపగలరు.

ఇట్లు,
మందుల షాపు నడిపే ఒక నిమ్మగడ్డి రైతు
రాయలసీమ